తడి ఊక

పీర్‌బీకి వాసన తెలియదన్న సంగతి షెడ్డు యజమాని హర్షవర్ధన్‌కు మొదటి రోజే తెలుసు. ఆమే చెప్పింది.

“కరోనా జొరం వచ్చి తగ్గిందండి. దాంతో ముక్కు పోయింది. మంచి వాసనా తెలీదు, చెడ్డ వాసనా తెలీదు. ముందే చెప్తున్నా, తర్వాత చెప్పలేదనుకోవద్దు.”

హర్షవర్ధన్ నవ్వాడు. “ఇంకేంటమ్మా మరి! కోళ్ల షెడ్డుకి నీకంటే తగిన మనిషి ఎక్కడ దొరుకుతుంది? వచ్చినోళ్లందరూ ఆ కంపు తట్టుకోలేకే కదా పారిపోతోంది.”

పీర్‌బీ కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే పని ఖాయమైపోయింది.

షెడ్డు తిరువూరు దాటాక ఎ.కొండూరు వెళ్లే రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి, పత్తి చేల మధ్య ఉంది. పొడవాటి రేకుల షెడ్డు. రెండు పక్కలా మోకాటి ఎత్తు గోడ, దాని మీద ఇనప వల, వల మీద గాలి కావాలంటే తెరవడానికి, చలేస్తే మూయడానికి పరదాలు. ఒక చివర చిన్న గది. పీర్‌బీ తన ట్రంకుపెట్టె, గ్యాసు పొయ్యి, నమాజు చాప తెచ్చుకుని ఆ గదిలో దిగింది. పడమటి వైపు కంచె అవతల మామిడి తోట. ఆ తోట ఆసామి బసవపున్నయ్య, ఆయన భార్య సరోజినీదేవి తోట వెనకున్న డాబాలో ఉంటారని హర్షవర్ధన్ చెప్పాడు. చెట్ల మూలంగా ఆ డాబా షెడ్డు దగ్గరికి కనపడదు.

పని నేర్పింది కోళ్ల కంపెనీ సూపర్‌వైజరు కిరీటి. కంపెనీ వాళ్లు కోడిపిల్లల్ని దించక ముందే నేలంతా మందంగా వరి ఊక పరవాలి. పిల్లలు ఆ ఊక మీదే తిరిగి, ఆ ఊక మీదే పెరుగుతాయి. రెట్టలో తడినంతా ఊక పీల్చుకుంటుంది. రోజూ పొద్దున్నే దాన్ని తిరగేస్తే ఆరుతుంది. నీళ్ల గొట్టాల కింద గడ్డ కట్టిన చోట పారతో చెక్కి, తట్టకెత్తి బయట పోసి, కాస్త సున్నం జల్లి, కొత్త ఊక వెయ్యాలి.

“ఇలా గుప్పెట్లోకి తీసుకుని నొక్కి చూడమ్మా,” అన్నాడు కిరీటి. “వదిలేస్తే పొడిపొడిగా రాలిందా, బాగున్నట్టు. ఉండ కట్టిందా, తడెక్కినట్టు. తడెక్కితే గ్యాసు పుడుతుంది. కళ్లకి, ఊపిరితిత్తులకి చేటు. పొద్దున లోపలికి రాగానే ముక్కుకి ఘాటు తగిలితే ఇంకేం ఆలోచించకుండా ముందు పరదాలు తెరిచెయ్.”

ఆ మాట దగ్గర పీర్‌బీ ఏదో చెప్పబోయింది. ఇంతలో కిరీటికి ఫోనొచ్చింది. మాట్లాడుకుంటూనే బండెక్కి వెళ్లిపోయాడు.

అంతకు ముందు ఆమెది వంట పని. భర్త రెహమాన్ లారీ డ్రైవరు. ఆయన గుండె ఆగి పోయాక తోటికోడలు ఫర్హత్‌తో కలిసి పెళ్లిళ్లకీ వలీమా విందులకీ బిర్యానీ వండేది. తిరువూరు చుట్టుపక్కల వాళ్లిద్దరి చేతి వంటకి మంచి పేరుండేది. మూతకి పిండి మెత్తి దమ్ము పెట్టాక ఇక ఆ గిన్నెలో ఏం జరుగుతోందో కంటికి కనపడదు. పీర్‌బీ పక్కన నిలబడి, “ఇంకొంచెం,” అనేది. “ఇంకొంచెం... ఆ, నిప్పు లాగెయ్యి,” అనేది. ముక్కు చెప్పేది, ఆమె అందరికీ చెప్పేది.

జ్వరం తగ్గాక మొదటి పెళ్లిలోనే ఆమె దమ్ము చూస్తున్న గిన్నె అడుగంటింది. పక్కనే ఉంది. మాడిన వాసన పందిరంతా కమ్ముకుని, అవతలి చివర ఉల్లిపాయలు కోస్తున్న ఫర్హత్ పరుగెత్తుకుంటూ వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ఫర్హత్ మాత్రం, “కొన్నాళ్లు రెస్టు తీసుకో ఆపా,” అంది. ఆ కొన్నాళ్లు ఎప్పటికి అయిపోతాయో చెప్పలేదు. మళ్లీ పిలవనూ లేదు.

వంట పోవడం ఒక ఎత్తు, మనవడి దగ్గర జరిగింది ఇంకో ఎత్తు. బెజవాడలో ఉన్న కూతురు ఆసిమా, చంటి పిల్లాణ్ణి ఒళ్లో పెట్టినప్పుడు అలవాటు కొద్దీ వాడి మాడు మీద ముక్కు ఆనించింది పీర్‌బీ. ఏమీ లేదు. ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకున్నట్టుంది. ఆ మాట ఆసిమాకి చెప్పలేదు.

షెడ్డులో చేరాక ఇంకో బెంగ మొదలైంది. సరుకుల కోసం ఊళ్లోకి వెళ్తే, ఆటోలో పక్కన కూర్చున్న ఆడమనిషి పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది. దుమ్ముకేమో అనుకుంది పీర్‌బీ. తర్వాత కిరాణా కొట్లో ఒక అమ్మాయి వెనక్కి జరిగింది. ఆ రోజు నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే రెండుసార్లు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, అత్తరు రాసుకునేది. ఎంత రాసుకోవాలో తెలిసేది కాదు. అయినా జనం జరిగినట్టే అనిపించేది. అత్తరు ఎక్కువైందో, కోళ్ల కంపు పోలేదో, అసలు అదంతా తన అనుమానమో. ఎవర్నన్నా అడిగితే తేలిపోయేది. కానీ ‘నా దగ్గర కంపు కొడుతోందా’ అని మనిషి మనిషినెలా అడుగుతుంది?

ఆసిమా ఫోన్లో, “ఒకసారి రా అమ్మీ, బాబు నిన్ను మర్చిపోతున్నాడు,” అనేది.

“కోళ్లని ఎవరికి ఒప్పజెప్పి రానే?” అనేది పీర్‌బీ. ఆసిమా వాళ్లది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అత్తగారు, ఆడబిడ్డ, అందరూ ఆ రెండు గదుల్లోనే. అక్కడికి ఈ ఒళ్లేసుకుని వెళ్లడానికి ఆమెకు కాళ్లాడేవి కావు.

ఎండాకాలం బ్యాచ్ బాగానే గడిచింది. ఊక గలగల్లాడుతూ ఆరిపోయి ఉండేది. రెండో బ్యాచ్ పిల్లలు దిగిన కొద్ది రోజులకి వానలు మొదలయ్యాయి. అప్పుడే సరోజినీదేవి మొదటిసారి కంచె దగ్గరికి వచ్చింది.

అరవై దాటిన మనిషి. పమిట చెంగు ముక్కుకి గట్టిగా అదిమి పెట్టుకుని అవతలి నుంచే కేకేసింది. “ఎవరమ్మా లోపల? ఏంటీ కంపు? ఇంట్లో అన్నం ముద్ద మింగుడు పడట్లేదు. మీరు మనుషులేనా అసలు?”

పీర్‌బీ పరుగున వచ్చింది. “తప్పయిపోయిందమ్మా. ఇప్పుడే తిరగేస్తా.”

లోపలికి వెళ్లి చూస్తే నీళ్ల గొట్టం ఒకటి కారి దాని కింద ఊకంతా పేడలా అయ్యుంది. చెక్కి ఎత్తిపోసి సున్నం జల్లింది. మర్నాడు సరోజినీదేవి రాలేదు. ఆ తర్వాత రోజు వచ్చి మళ్లీ తిట్టింది. ఈసారి తూర్పు గోడ పక్కన జల్లు కొట్టి తడిసింది. ఇంకోసారి తిట్టడానికి వచ్చినప్పుడు పీర్‌బీ కంచె దగ్గరే నిలబడి అడిగింది.

“ఎటువైపు నుంచి వస్తోందమ్మా? నిన్నటికంటే ఎక్కువుందా, తక్కువుందా?”

సరోజినీదేవికి కోపం నషాళానికి అంటింది. “ఎగతాళా? అంత కంపులో నిలబడి నన్నడుగుతావేంటి?”

“ఎగతాళి కాదమ్మా. నాకు వాసన తెలీదు. జొరంతో పోయింది.”

 సరోజినీదేవి ముక్కు మీద చెంగు తీసింది, మళ్లీ పెట్టుకుంది. “ఏమీనా? కాఫీ వాసన కూడానా?”

“ఏమీ తెలీదమ్మా.”

“మరి ఈ పనెలా చేస్తున్నావు?”

“చేత్తో చూసుకుని చేస్తున్నా.”

“చేతికేం తెలుస్తుంది,” అంటూ ఆవిడ గాలి పీల్చి మొహం చిట్లించింది. “అదిగో, ఆ చివర. ట్యాంకు ఉందే, ఆ పక్క నుంచి.”

అక్కడే ఉంది తడి.

ఆ తర్వాత సరోజినీదేవి పొద్దున పూట పూలు కోసుకోవడానికి తోటలోకి వచ్చినప్పుడల్లా కంచె దాకా నడిచి వచ్చేది. “ఇవాళ పర్లేదు పీర్‌బీ,” అనేది. లేదంటే, “ఘాటుగా ఉంది, చూసుకో,” అనేది. కొన్నిసార్లు ఇంకో రెండు మాటలు కలిసేవి. మోకాళ్ల నొప్పులు, కాయ తొలిచే పురుగు, ఖమ్మంలో టీచరు చేస్తున్న కూతురు సుప్రజ, ఆ పిల్లకి రెండో కాన్పు దగ్గర పడటం. పీర్‌బీ పెద్దగా మాట్లాడేది కాదు. ఆవిడ వచ్చి వెళ్లేదాకా మాత్రం టీ పెట్టుకునేది కాదు. రోజు మొత్తంలో తన పేరు పెట్టి ఎవరైనా పిలిచేది ఆ ఒక్కసారే.

ఆషాఢంలో ముసురు పట్టుకుంది. ఆ ముసురులోనే సరోజినీదేవి రావడం మానేసింది.

మొదటి రోజు వాన వల్లే అనుకుంది పీర్‌బీ. తర్వాత, కంపు లేదు కాబట్టే రాలేదనుకుంది. ఆ మాట నమ్మితే బాగుండుననిపించింది. కానీ వాన తెరిపిచ్చినప్పుడు కూడా కంచె దగ్గర ఎవరూ కనపడలేదు. చివరికి ఒక మధ్యాహ్నం గొడుగేసుకుని తోట చుట్టూ తిరిగి డాబా ముందుకి వెళ్లింది. గేటుకి తాళం. వాకిట్లో కారు లేదు. తోటకి నీళ్లు పెట్టే యేసురాజు మోటారు గది చూరు కింద బీడీ కాల్చుకుంటున్నాడు.

“అమ్మగారోళ్లు ఖమ్మం పోయారుగా. పాపకి నొప్పులొచ్చినయ్యంట, హడావిడిగా పోయారు,” అన్నాడు.

“ఎప్పుడొస్తారు?”

“బాలెంత దగ్గరికి పోయినోళ్లు అంత తొందరగా యాడొస్తారు?”

పీర్‌బీ తిరిగొచ్చింది. దారంతా తనకు తనే చెప్పుకుంది. ఆవిడ ఎందుకు చెప్పి వెళ్లాలి? చుట్టమా, పక్కమా? కూతురికి నొప్పులొస్తే కోళ్ల షెడ్డులో పనిమనిషికి కబురు పెట్టి ఎవరన్నా వెళ్తారా? న్యాయంగానే ఉంది. అయినా గదిలోకి వచ్చి, తడిసిన చెప్పులు విప్పకుండానే ట్రంకుపెట్టె మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు నుంచి కన్నీళ్లు మొదలయ్యాయి. షెడ్డులో దాణా వేస్తుంటే కళ్లు నిండుకొచ్చేవి. తుడుచుకుంటే మళ్లీ వచ్చేవి. ఇన్నేళ్లూ ఇంతగా ఏడవలేదు. రెహమాన్ పోయినప్పుడు వచ్చిన చుట్టాలకి వండి పెట్టడంతోనే సరిపోయింది. వంట పోయినప్పుడు జ్వరం నీరసంలో ఉంది. అప్పుడు ఆగిపోయినవన్నీ ఇప్పుడొస్తున్నాయి కాబోలు అనుకుంది. ఒక పక్కన కూర్చుని కార్చుకుంటూ రెహమాన్‌ని తలుచుకునేది. లారీ దిగి వచ్చిన మనిషి చొక్కా డీజిలు వాసన. అది ఎలా ఉండేదో జ్ఞాపకం తెచ్చుకోవాలని చూసేది. మాట గుర్తుంది, వాసన గుర్తు రావడం లేదు. చుట్టూ పిల్లలు ముడుచుకుని కూర్చుని ఉండేవి. వాటికి చలేస్తోందని ఆమె పరదాలన్నీ కింది దాకా మూసేసింది. ఊక తిరగేస్తూనే ఉంది. చేత్తో నొక్కితే పైన కాస్త పొడిగానే తగిలేది. అడుగున అట్టలు కట్టిన సంగతి చేతికి అందలేదు.

వాన తగ్గిన పూట కిరీటి వచ్చాడు. షెడ్డు తలుపు తెరిచి ఒక్క అడుగు లోపల పెట్టి, దగ్గుతూ బయటికి పరుగెత్తాడు. కళ్ల వెంట ధారలు.

“అమ్మా! బయటికి రా! ముందు బయటికి రా!”

పీర్‌బీ వచ్చింది. ఆమె కళ్లు కూడా కారుతున్నాయి. పరాయి వాడి ముందు ఏడుస్తూ దొరికిపోయినందుకు సిగ్గుపడి గబగబా పమిటతో తుడుచుకుంది.

“ఏం లేదు బాబూ... ఏదో గుర్తొచ్చి...”

“గుర్తు రావడమేంటమ్మా! అది గ్యాసు. షెడ్డు నిండా గ్యాసుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా కారుతున్నాయి నీ కళ్లు?”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తడిసిన పమిట చెంగు వంక చూసుకుంది. కిరీటి మొహానికి కర్చీఫు కట్టుకుని లోపలికి దూకి వరసగా పరదాలన్నీ తెరిచాడు. వెలుగు పడ్డాక పిల్లలు కనపడ్డాయి. మెడలు లోపలికి లాక్కుని, రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని కూర్చున్నాయి. కొన్నింటి రెప్పలు ఉబ్బి అంటుకుపోయాయి. గోడ వార చచ్చినవి పడున్నాయి. పీర్‌బీ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, మెత్తటి గుడ్డ నీళ్లలో ముంచి దాని కళ్లు తుడిచింది. అది తెరవడానికి ప్రయత్నించి మానుకుంది.

“నువ్వు తెలియక చేశావో, పట్టించుకోక చేశావో నాకర్థం కావట్లేదు,” అన్నాడు కిరీటి విసుగ్గా. “ముక్కుకి తగలకుండా ఎలా ఉంటుంది?”

“నాకు ముక్కు లేదు బాబూ,” అంది ఆమె. “హర్షవర్ధన్ గారికి చెప్పా.”

కబురందుకుని హర్షవర్ధన్ వచ్చాడు. ముందు కోపంగానే వచ్చాడు. చచ్చిన కోళ్లని చూసి ఇంకా కోపం తెచ్చుకున్నాడు. కానీ కిరీటి ముక్కు సంగతి ఎత్తేసరికి తల దించుకున్నాడు. “చెప్పింది,” అన్నాడు. “నేనే నవ్వాను.”

సాయంత్రం దాకా ముగ్గురూ పని చేశారు. పలుగుతో అట్టలు లేపి, తట్టలకెత్తి బయట కుప్పపోశారు. నల్లగా, బంకగా ఉంది అడుగు ఊకంతా. సున్నం జల్లి, మిల్లు నుంచి ఆటోలో తెచ్చిన కొత్త ఊక పరిచారు. కోళ్లు మెల్లగా లేచి ఆ మెత్తటి ఊకలోకి అడుగు పెట్టి కాళ్లతో గీరడం మొదలుపెట్టాయి. ఇంకొన్ని లేవలేదు.

మర్నాటికి పీర్‌బీ కళ్లు ఆరిపోయాయి. చెంపలు పొడిగా ఉన్నాయి. ఊక తిరగేస్తూ రెహమాన్‌ని తలుచుకుంది, సరోజినీదేవి మాటలూ గుర్తు చేసుకుంది. చుక్క రాలేదు. ఇన్నాళ్లూ తోడుగా ఉన్నదేదో ఆ చెత్తతో పాటు తట్టకెత్తి పారబోసినట్టు అనిపించింది. తన ఏడుపు కూడా తనది కాదని తెలిసి ఆమె ఆ వేళంతా ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకుంది. మాట్లాడటానికి అక్కడ ఎవరూ లేరు కూడా.

సరోజినీదేవి వచ్చేసరికి కోళ్లు ఎదిగిపోయాయి. కంచె మీదుగా మిఠాయి పొట్లం అందించింది. “మనవరాలు పుట్టింది పీర్‌బీ.” ఆ తర్వాత జరిగిందంతా విని మొహం చిన్నబుచ్చుకుంది. “అయ్యో, ఆ హడావిడిలో నీ సంగతి తట్టనే లేదు.”

“మీకెందుకు తడుతుందమ్మా,” అంది పీర్‌బీ. నిష్ఠూరంగా అనలేదు. ఆవిడకి మాత్రం ఎక్కడో తగిలినట్టుంది, చాలాసేపు కంచె పట్టుకుని నిలబడింది.

బ్యాచ్ అయిపోయింది. లారీ వచ్చి కోళ్లని ఎత్తుకెళ్లింది. పాత ఊకంతా రెడ్డిగూడెం మామిడి తోటల వాళ్లు ఎరువుకని ట్రాక్టరులో పట్టుకుపోయారు. పీర్‌బీ నేల కడిగి, గోడలకి సున్నం కొట్టింది. పై బ్యాచ్‌కి ఊళ్లోంచి హెప్సిబా అనే ఆవిడ రోజూ పొద్దున వచ్చి వెళ్తుందని, ఇద్దరూ కలిసి చూసుకోమని హర్షవర్ధన్ చెప్పాడు. ఈ లోపు పనేమీ లేదు. ఖాళీ షెడ్డులో చీపురు కింద పెట్టినా చప్పుడు ఆ చివరి దాకా వినపడుతోంది.

ఆసిమా ఫోన్ చేసింది. “కోళ్లు వెళ్లిపోయినయ్ కదమ్మీ. ఇప్పుడేం చెప్తావు?”

“చూసి చెప్తానే,” అంది పీర్‌బీ. ఫోను పెట్టేసి కంచె దగ్గరికి వెళ్లి సరోజినీదేవి కోసం నిలబడింది. ఆవిడ పూల సజ్జతో వచ్చాక, కళ్లెత్తకుండా అడిగింది.

“అమ్మా, ఒకటడుగుతా. నిజం చెప్పాలి. నా దగ్గర వాసనొస్తుందా?”

“అక్కణ్ణుంచి ఎలా చెప్పనే? ఇటు రా.”

పీర్‌బీ తోట చుట్టూ తిరిగి గేటులోంచి లోపలికి వెళ్లింది. అంత దగ్గరగా ఇద్దరూ ఎప్పుడూ నిలబడలేదు. సరోజినీదేవి ఆమె భుజం మీదికి వంగి, జుట్టు దగ్గర గాలి పీల్చింది.

“వస్తుంది,” అంది. “చీరలో లేదు. తల్లో పట్టేసింది.”

పీర్‌బీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలింది. ఇన్నాళ్లకి ఒకరు చెప్పారు. ఆటోలో ఆ మనిషి పమిట అడ్డం పెట్టుకుంది దుమ్ముకి కాదు. తెలియనప్పటికంటే తెలిశాకే తేలిగ్గా ఉంది.

“మా అమ్మాయి రమ్మంటోంది,” అంది.

“అయితే కూర్చో,” అంటూ సరోజినీదేవి పెరట్లోకి తీసుకెళ్లింది. కుంకుడుకాయలు కొట్టి నానబోసి, కాగులో నీళ్లు తోడింది. పీర్‌బీ వద్దు వద్దంటున్నా వినకుండా ఆవిడే చెంబుతో నీళ్లు పోసింది. రసం పోసి వేళ్లతో మాడంతా రుద్దింది. అమ్మ పోయాక పీర్‌బీ తల మీద ఇంకొకరి చెయ్యి పడటం ఇదే మొదటిసారి. నోరు తెరిచి ఏమైనా అంటే ఆ చెయ్యి ఆగిపోతుందేమోనని మాట్లాడకుండా కూర్చుంది.

తుడిచాక సరోజినీదేవి మళ్లీ వంగి వాసన చూసింది.

“పోయిందామ్మా?”

“ఇంకా కొంచెం ఉంది,” అంది ఆవిడ. “ఉంటే ఉంది. వెళ్లు. నువ్వు నా కూతురింటికి వచ్చినా నేను లోపలికి రానిస్తాను.”

మధ్యాహ్నం తిరువూరు బస్టాండులో పీర్‌బీ బస్సెక్కింది. జుట్టు ఇంకా పూర్తిగా ఆరలేదు. కిటికీ పక్కన కూర్చుని చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. కండక్టరు వచ్చి, “ఎక్కడికమ్మా?” అన్నాడు.

“బెజవాడ,” అంది. “మా అమ్మాయి దగ్గరికి. మనవడున్నాడు.”

కండక్టరు తల ఊపి టికెట్టు కొట్టి ముందుకు వెళ్లాడు.